మాస్టారి లాగుబుక్కులో రెండో కబురు

తుఫాను వెళ్ళిపోయిన ఇరవై రోజులకు, ఎండ మండిపోతున్న మధ్యాహ్నం పూట, నాగాయలంక అవతల ఒక చిన్న ఊళ్ళో మాస్టారింటి అరుగు మీద కూర్చుని, రేడియోలో ఎప్పుడు ఎవరితో ఏం మాట్లాడారో ఆయన రాసుకునే లాగుబుక్కు చదివాను. చదివింది ఏడెనిమిది వరుసలు. ఏడాది దాటింది, ఆ దిమ్మ ఇంకా దిగలేదు. క్లాసులో పాఠం చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోతాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

నేను బందరులో ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. అది ఉద్యోగం. హామ్ రేడియో నా పిచ్చి. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, మేడ మీద తీగ కట్టుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో కబుర్లు చెప్పుకోవడం. "సెల్లులో మాట్లాడితే పోయేదానికి ఇంత తతంగం ఎందుకే" అని మా అమ్మ బతికున్నన్నాళ్ళూ అడిగింది. పక్కింటావిడ నా యాంటెన్నా మీద రెండుసార్లు చీరలు ఆరేసింది, నేను రెండుసార్లూ వీధిలోకి దిగి పోట్లాడాను. నాకు కోపం తొందరగా వస్తుంది. తప్పు ఒప్పుకోవడం మాత్రం అంత తొందరగా రాదు. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది.

రోజూ పొద్దున్న ఏడింటికి మా నెట్. అంటే చుట్టుపక్కల హాములందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చి హాజరు వేయించుకోవడం. హాజరు పిలిచేది గుడివాడ అన్నయ్య. సొంత అన్నయ్య కాదు, గుడివాడలో మోటార్లకు వైండింగ్ చేసే షాపాయన. మనిషిని చూడటానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అప్పటికే అన్నయ్యా చెల్లెమ్మా అయిపోయాం. ఆయన పిలవగానే మనం మన కాల్‌సైన్, అంటే లైసెన్సులో ఇచ్చిన పేరు, చెప్పి పలుకుతాం. పలికినవాళ్ళకు ఆయన రిపోర్టు ఇస్తాడు. మాట ఎంత స్పష్టంగా తెలుస్తోందో ఐదుకి ఎన్ని, ఎంత గట్టిగా వినిపిస్తోందో తొమ్మిదికి ఎన్ని, ఇవీ మార్కులు. ఫైవ్ నైన్ అంటే నూటికి నూరు.

మా నెట్‌లో అందరికీ నూటికి నూరే. గరగరలో గొంతు మునిగిపోతున్నా, ఎవరో మాట్లాడుతున్నారని మాత్రమే తెలుస్తున్నా ఫైవ్ నైనే. "ఫైవ్ నైన్ అండి, అద్భుతంగా ఉన్నారు, మీ కాల్‌సైన్ ఇంకోసారి చెప్పండి" అని గుడివాడ అన్నయ్య అంటుంటే ఎవరికీ నవ్వు కూడా వచ్చేది కాదు. భోజనానికి పిలిచినవాళ్ళు కూర ఎలా ఉందని అడిగితే ఏమంటాం? ఇదీ అంతే అనుకునేవాళ్ళం. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది చెల్లెమ్మా" అని ఆయనే ఒకసారి నాకు బోధించాడు.

ఒక్క మాస్టారు మాత్రం అలా ఇచ్చేవారు కాదు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. డెబ్భై ఏడు దివిసీమ ఉప్పెన నాటికి ఆయనకు పదమూడేళ్ళు. ఊళ్ళు కొట్టుకుపోయిన కబురు బయటివాళ్ళకు చేరడానికి ఎంత ఆలస్యమైందో కళ్ళారా చూశారు. అందుకే రేడియో నేర్చుకున్నానని ఒకసారి చెప్పారు. అంతకుమించి ఆ మాట ఎత్తరు. రెండు సరుగుడు కర్రల మధ్య రాగితీగ, ఒక పాత సెట్టు, ఒక ట్రాక్టరు బ్యాటరీ, ఇదీ ఆయన స్టేషను. ఆయన గొంతు మాకు ఎప్పుడూ సన్నగానే వచ్చేది.

లైసెన్సు వచ్చాక నేను మొదటిసారి నెట్‌లోకి వచ్చిన రోజు అందరూ నాకు ఫైవ్ నైన్ ఇచ్చారు. పొంగిపోయాను. ఆఖర్న మాస్టారు పలికారు.

"మేడమ్, మీరు నాకు త్రీ బై ఫోర్ అండి. సగం మాటలు తెలియలేదు. మైకులో ఏదో వైరు వదులైనట్టుంది, చూసుకోండి."

ఐదుకి మూడు, తొమ్మిదికి నాలుగు. అదీ అందరూ వింటుండగా. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారే, అచ్చం అలాగే వారం రోజులు నెట్ జోలికి పోలేదు. తరువాత మైకు విప్పితే లోపల నిజంగానే ఒక వైరు ఊడి వేలాడుతోంది. అతికించుకున్నాను, ఆయనకు మాత్రం ఆ సంగతి చెప్పలేదు. అప్పటినుంచి ఆయన ఎలా వినిపించినా కసిగా ఫైవ్ నైన్ ఇచ్చేదాన్ని. మర్యాద అంటే ఇదీ అని ఆయనకు నేర్పుతున్నట్టు. ఆయన ప్రతిసారీ "థాంక్స్ మేడమ్" అని, ఆ మార్కులు తన లాగుబుక్కులో రాసుకునేవారు. నేనిచ్చిన ఫైవ్ నైన్‌లన్నిటినీ ఆయన నమ్ముతున్నారన్న ఆలోచన నాకెప్పుడూ రాలేదు.

తుఫాను తీరం దాటే ముందురోజు బందరులో కంట్రోల్ రూము పెట్టి మమ్మల్ని రమ్మన్నారు. ఫోన్లు పోతే దివిసీమ కబుర్లు మా ద్వారా రావాలి. బందరులో నేను కూర్చున్నాను. మాస్టారు తన ఊరి స్కూల్లో సెట్టు పెట్టుకున్నారు. ఊళ్ళో సగం జనం అక్కడే తలదాచుకున్నారు. గుడివాడ అన్నయ్య మధ్యలో ఉండి ఎవరి మాట ఎవరికి అందకపోయినా అందించాలి. తెల్లారేసరికి ఆయన యాంటెన్నా పక్కింటి రేకుల మీద పడి ఉంది. కాబట్టి మిగిలింది మేమిద్దరమే.

కంట్రోల్ రూము చూసే అధికారి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "టీచరమ్మా, ఈ డబ్బా పనిచేస్తుందంటారా?" అన్నారు.

"టవర్లన్నీ పడిపోయినా ఇది వింటుందండి" అన్నాను. గొప్పగానే అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు వినాలనే అన్నాను.

పొద్దున్న తొమ్మిది దాటాక దివిసీమ ఫోన్లు పోయాయి. కిటికీ అద్దాలు దడదడ కొట్టుకుంటున్నాయి. మెరుపు మెరిసినప్పుడల్లా నా చెవులకున్న హెడ్‌ఫోనులో ఫట్‌మంటోంది. పది గంటల వేళ మాస్టారు పిలిచారు. గరగరలోంచి ఒక్కొక్క మాటా పట్టుకుని రాసుకున్నాను. స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ, అక్కడున్న జనానికి గంజి కాద్దామని పుల్లల మోపు ఎత్తింది. మోపులో రక్తపింజర ఉంది. కుడిచేతి మీద కాటేసింది. పామును తాను చూశానని, చేయి వాస్తోందని, అంబులెన్సు కావాలని మాస్టారు చెప్పారు. పద్ధతి ప్రకారం కబురంతా నేను తిరిగి చదివాను. ఆయన సరే అన్నారు.

"రోజర్ మాస్టారూ. మీరు ఫైవ్ నైన్" అన్నాను. నిజానికి త్రీ బై త్రీ కూడా ఇవ్వకూడదు. నోటికొచ్చిన అలవాటు.

పోలీసుల వైర్‌లెస్‌లో అవనిగడ్డకు చెప్పారు. అంబులెన్సు బయల్దేరిందని తిరుగు కబురు వచ్చింది. అధికారి "భేష్ టీచరమ్మా" అన్నారు. ఎవరో నాకు టీ తెచ్చిచ్చారు. ఆ టీ ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తుంది.

ఇరవై నిమిషాలకు గరగరలో మళ్ళీ ఏదో కదిలింది. గొంతు మాస్టారిదేనని తెలుస్తోంది. మాట ఒక్కటీ తెలియడం లేదు. ఆయన చాలాసేపు మాట్లాడారు, ఆగారు. అధికారి నా వైపు వంగి "ఏమంటున్నారు?" అని అడిగారు. టీ తెచ్చినతను, ఇద్దరు గుమాస్తాలు, గుమ్మంలో ఒక కానిస్టేబులు, అందరూ నన్నే చూస్తున్నారు.

"వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అంటే సరిపోయేది. ఎవరైనా అనే మాటే. నాకు నామోషీ అనిపించింది. పొద్దున్నే కదా టవర్లు పడిపోయినా వింటానని కోతలు కోశాను. ఆయన ఏం అడుగుతుంటారు, అంబులెన్సు బయల్దేరిందా అనే కదా, అని నాకు నేనే తేల్చేసుకున్నాను. మైకు నొక్కాను.

"రోజర్ మాస్టారూ. ఫైవ్ నైన్. అంబులెన్సు బయల్దేరిందండి."

మా హాముల భాషలో రోజర్ అంటే ఊరికే సరే అనడం కాదు. నువ్వు చెప్పిందంతా పొల్లుపోకుండా నాకు అందింది అని. అది తెలిసే అన్నాను. అధికారి వైపు తిరిగి "బండి బయల్దేరిందా అని అడుగుతున్నారండి" అన్నాను. ఆయన తలాడించి లేచి వెళ్ళారు.

మధ్యాహ్నానికి వివరం తెలిసింది. దారిలో నిద్రగన్నేరు చెట్టు రోడ్డుకు అడ్డంగా పడి ఉందట. అంబులెన్సు డ్రైవరు అక్కడ ఇరుక్కుని, వెనక్కి తిరిగి, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి కరకట్ట మీదుగా వెళ్ళాడట. గంటన్నర ఆలస్యం. మనిషి బతికింది. రెండు రోజుల తరువాత ఆసుపత్రిలో ఆవిడ కుడిచేతి మూడు వేళ్ళు తీసేశారని విన్నాను. అయ్యో అనుకున్నాను. పేపర్లో ప్రమాదం వార్త చదివి అనుకుంటామే, అంతే బాధ. ప్రాణం దక్కింది, అది మా రేడియో చలవే అని స్టాఫ్‌రూములో నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

రెండు వారాలకు బందరులో మాకు సన్మానం చేశారు. నాకు శాలువా కప్పారు. మాస్టారు రాలేదు. ఆయన శాలువా ఒక సంచిలో పెట్టి నా చేతికిచ్చి, వీలైనప్పుడు అందజేయమన్నారు. ఆదివారం చర్చి అయ్యాక తొక్కుడు లడ్డూ డబ్బా ఒకటి కొనుక్కుని బస్సెక్కాను. చల్లపల్లి దాటాక రోడ్డు పొడుగునా పడిపోయిన అరటితోటలే. అవనిగడ్డలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. నాగాయలంక వెళ్ళే దారిలో ఒకచోట పెద్ద నిద్రగన్నేరు మానును రెండు ముక్కలుగా కోసి రోడ్డుకు అటూ ఇటూ దొర్లించారు. "ఇదేనండి అంబులెన్సు ఆగిపోయిన చెట్టు" అన్నాడు ఆటో అతను. తల బయటికి పెట్టి వింతగా చూశాను.

మాస్టారింటి అరుగు మీద చాప వేసుకుని ఒకావిడ కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. కుడిచేతికి కట్టు, కట్టులోంచి బొటనవేలూ చూపుడువేలూ మాత్రం కనిపిస్తున్నాయి. ఆవిడెవరో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మాస్టారు మా ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి చెప్పారు. "ఈవిడేనమ్మా బందరు మేడమ్. ఆ రోజు మన మాట విన్నది ఈవిడే."

ఆవిడ లేవబోయింది, నేను వద్దన్నాను. డబ్బా విప్పి లడ్డూ ఇచ్చాను.

"ఎడం చేత్తో తీసుకుంటున్నానమ్మా, ఏమీ అనుకోవద్దు" అంది.

"ఫర్వాలేదండి" అన్నాను. ఎంత పెద్ద మనసుతో అన్నానో.

సంచిలోంచి శాలువా తీయబోతుంటే మాస్టారు ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టి, పెన్ను చేతికిచ్చారు. అర్జీ. అంబులెన్సు డ్రైవరు మీద. చివర సాక్షి సంతకానికి చోటు వదిలారు.

"ఇక్కడ సంతకం పెట్టండి మేడమ్. కాంట్రాక్టు మనిషైతే మాత్రం ఇంత నిర్లక్ష్యమా? చెట్టు పడిన సంగతి మన కుర్రాళ్ళు చూసొచ్చి చెప్పగానే మీకు చెప్పాను. కరకట్ట మీదుగా పంపమన్నాను. మీరు రోజర్ అన్నారు. ఈవిణ్ణి మంచం మీద కరకట్ట దాకా మోసుకొచ్చి వానలో గంటన్నర కూర్చున్నాం. ట్రాక్టరు మీద తీసుకెళ్ళిపోదామని కుర్రాళ్ళు గోల చేశారండి. నేనే ఆపాను. కబురు అందింది, బండి ఇటే వస్తోంది, కుదుపులకి విషం పైకెక్కుతుంది, ఆగండర్రా అన్నాను. గంటన్నర ముందొస్తే వేళ్ళు నిలిచేవేమో అన్నారు డాక్టరుగారు. కరకట్ట బురదగా ఉంటుందని బద్ధకించి వాడు మెయిన్ రోడ్డున వచ్చాడు. వాణ్ణి వదలకూడదు."

"ఏ కబురు మాస్టారూ?" అన్నాను.

ఆయన లోపలికెళ్ళి లాగుబుక్కు తెచ్చి పేజీ తీసిచ్చారు. పెన్సిలుతో రాసిన గుండ్రటి అక్షరాలు.

"10-05. మొదటి కబురు, పాముకాటు. అందింది, తిరిగి చదివారు. నాకు రిపోర్టు ఫైవ్ నైన్. బాగా అందుతోంది కాబట్టి బ్యాటరీ కోసం పవరు యాభై నుంచి ఐదు వాట్లకు తగ్గించాను."

దాని కింద:

"10-25. రెండో కబురు. మెయిన్ రోడ్డున చెట్టు పడింది, అంబులెన్సును కరకట్ట మీదుగా పంపాలి. రోజర్ అన్నారు. ఫైవ్ నైన్. తిరిగి చదవలేదు. మేడమ్ హడావుడిలో ఉన్నట్టున్నారు."

చదివాను. మళ్ళీ చదివాను. బ్యాటరీ మీద నడిపే మనిషి ఫైవ్ నైన్ అనగానే పవరు తగ్గించుకుంటాడు, ఎవరైనా అదే చేస్తారు. కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్ళకు ఆ ముక్క నేర్పేది నేనే. నేను మంచినోటితో ఇచ్చిన మార్కులకు ఆయన తన గొంతు తానే తగ్గించుకున్నారు. తగ్గిన గొంతుతో ఆవిడ చేయి కాపాడే మాట చెప్పారు. నేను దానికి రోజర్ అన్నాను.

ముందు భయం వేసింది. బాధ తరువాతే వచ్చింది, అబద్ధం చెప్పను. పెన్ను నా చేతిలోనే ఉంది. సంతకం పెడితే అయిపోయేది. ఆ గదిలో హెడ్‌ఫోను నా ఒక్కదాని చెవులకే ఉంది. నేను కబురు విని అవనిగడ్డకు చెప్పించానంటే చెప్పించినట్టే, ఆ హడావుడిలో ఎవరు ఏమన్నారో ఎవరికి గుర్తుంటుంది. ఊరూ పేరూ తెలియని డ్రైవరు ఒకడు పోతాడు, నేను మిగులుతాను. అంతదాకా ఆలోచించాను. పక్కన ఆవిడ ఎడం చేత్తో లడ్డూ చిదుపుకుని తింటోంది, ముక్కలు చాప మీద పడుతున్నాయి, ఏరుకోవడం కుదరడం లేదు.

"మాస్టారూ, నాకు వినపడలేదండి" అన్నాను.

"ఏది?"

"ఈ రెండోది. ఒక్క ముక్క కూడా."

ఆయన నా మొహంలోకి చూశారు. "మరి రోజర్ అన్నారు."

"అన్నానండి."

"ఫైవ్ నైన్ అన్నారు."

"అలవాటండి."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకోలేదు. "మీరు ఫైవ్ నైన్ అన్నారనే నేను పవరు తగ్గించాను" అన్నారు. తరువాత ఇందాక చెప్పిందే మళ్ళీ చెప్పారు. "కుర్రాళ్ళు తీసుకెళ్ళిపోదామన్నారు. నేనే ఆపాను." ఆయన తిట్టి ఉంటే నాకు తిరిగి పోట్లాడే దారేదో దొరికేది. తిట్టలేదు.

అప్పటిదాకా మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్న ఆవిడ అడిగింది. "ఫైవ్ నైన్ అంటే ఏంటి మాస్టారూ?"

ఆయన నా వైపు చూశారు. చెప్పాల్సింది నేనే.

"చాలా బాగా వినపడుతోంది అని అర్థం అమ్మా."

"వినపడలేదన్నారుగా?"

"వినపడకపోయినా అలాగే అంటాం. మర్యాదకి."

ఆవిడకు కోపం లేదు, నిజంగా అర్థం కాక అడిగింది. "వినపడలేదంటే మళ్ళీ చెప్పేవారు కదమ్మా. మాస్టారు ఎన్నిసార్లయినా విసుక్కోకుండా చెబుతారు. మా అమ్మాయికి ఎక్కాలు అట్లాగే నేర్పారు."

ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను. "అయ్యో వద్దమ్మా" అని కాళ్ళు వెనక్కి తీసుకుంది. మాస్టారు అర్జీ మడిచి లాగుబుక్కులో పెట్టేశారు. శాలువా బయటికి తీసే ధైర్యం రాలేదు, సంచితో సహా వెనక్కి తెచ్చుకున్నాను. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకోలేక కాళ్ళ దగ్గర పెట్టాను.

బందరు రాగానే ఉన్నదున్నట్టు రాసి అధికారికి ఇచ్చాను. డ్రైవరు తప్పేమీ లేదని, తప్పు నాదని. ఆయన చదివి, "తుఫానులో ఇలాంటివి మామూలే టీచరమ్మా, మీరు చాలా బాగా చేశారు" అని కాగితం ఫైల్లో పెట్టుకున్నారు. ఆయనా నాకు ఫైవ్ నైనే ఇచ్చారు. ఆవిడ ఇప్పుడు ఆ స్కూల్లో వంట చేయడం లేదు. గరిటె పట్టు నిలవడం లేదట. గిన్నెలు తోమే పని ఇచ్చారు.

అధికారికి కాగితం ఇచ్చిన మర్నాడు పొద్దున్న నెట్‌లో నా వంతు రాగానే హాజరు పలకలేదు. జరిగిందంతా చెప్పాను. మా ఇంట్లో చెప్పకముందే అక్కడ చెప్పాను, ఎందుకంటే తప్పు జరిగింది అక్కడ. నామోషీ, మర్యాద, టీ, చెట్టు, కరకట్ట, ఏదీ దాచలేదు. మాస్టారు అప్పటికే హాజరు పలికి ఉన్నారు, వింటున్నారని నాకు తెలుసు. ముగించి మైకు వదిలాను. గరగర వచ్చింది.

చివరికి గుడివాడ అన్నయ్య వచ్చాడు. "రోజర్ రోజర్ చెల్లెమ్మా, ఫైవ్ నైన్, బ్రహ్మాండంగా ఉన్నావు. మధ్యలో కొంచెం గరగర వచ్చి సగం అందలేదమ్మా. ఏదో పాము గురించి అంటున్నావు."

అరవాలనిపించింది. నిన్నమొన్నటి దాకా నేను పలికిన మాటే అది, అదే గొంతుతో, అంతే ప్రేమగా. అప్పుడు గరగరలోంచి సన్నగా మాస్టారు పలికారు.

"మేడమ్, మీరు నాకు త్రీ బై ఫోర్. వినపడలేదు. మళ్ళీ చెప్పండి."

మైకు నోటికి కాస్త దూరంగా పెట్టుకున్నాను. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, మొదటినుంచి మొదలుపెట్టాను. మాస్టారి ఊరి స్కూల్లో వంట చేసే ఆవిడకు కుడిచేతి మూడు వేళ్ళు లేవు. నా వల్ల.